బెర్లిన్ క్రాయిట్స్‌బర్గ్: టర్కీ కార్మికుల ఇలాకా, జర్మనీ పార్లమెంటు సీటు

జర్మనీ పార్లమెంటు పేరు బుండెస్టాగ్. దేశం మొత్తం మీద 299 నియోజకవర్గాలున్నాయి. వాటిలో ఒకటి రాజధాని బెర్లిన్ నడిబొడ్డున ఉన్న ఫ్రీడ్రిక్స్‌హైన్-క్రాయిట్స్‌బర్గ్. పక్కనున్న ప్రెంజ్‌లావర్ బర్గ్ ప్రాంతంలోని తూర్పు భాగం కూడా ఇందులోనే ఉంటుంది. అందుకే అధికారిక పేరు ఇంకాస్త పొడుగ్గా ఉంటుంది. జనం మాత్రం క్రాయిట్స్‌బర్గ్ సీటు అనే అంటారు.

ఈ నియోజకవర్గం 2002లో ఏర్పడింది. 2025 వరకు ఇక్కడ ఏడు సార్వత్రిక ఎన్నికలు జరిగాయి. ఏడింటిలో కలిపి గెలిచింది ముగ్గురే. జర్మనీని దశాబ్దాలుగా ఏలుతున్న రెండు పెద్ద పార్టీలు, అంటే క్రిస్టియన్ డెమోక్రాట్లు (సీడీయూ), సోషల్ డెమోక్రాట్లు (ఎస్పీడీ), ఇక్కడ ఒక్కసారి కూడా గెలవలేదు.

ఈ సీటుకు ఇంకో ప్రత్యేకత ఉంది. టర్కీ నుంచి వచ్చిన ముస్లిం కార్మిక కుటుంబాలు ఎక్కువగా స్థిరపడ్డ ఇలాకా ఇది. ఇక్కడే పని చేసి, ఇక్కడే పన్ను కట్టి, ఇక్కడే పిల్లల్ని పెంచిన ఎంతోమందికి దశాబ్దాల పాటు ఓటు లేదు. ఆ గల్లీల నుంచే చివరికి టర్కీలో పుట్టిన ఒక మహిళ పార్లమెంటుకు వెళ్లింది. అది ఎలా జరిగింది, ఎందుకు అంత ఆలస్యమైంది అన్నది తెలుసుకోవాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

గోడ పక్కన బస్తీ

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బెర్లిన్ రెండు ముక్కలైంది. స్ప్రీ నదికి ఒక ఒడ్డున ఉన్న క్రాయిట్స్‌బర్గ్ అమెరికా అధీనంలోని పశ్చిమ బెర్లిన్‌లోకి వచ్చింది. అవతలి ఒడ్డున ఉన్న ఫ్రీడ్రిక్స్‌హైన్ సోవియట్ అధీనంలోని తూర్పు బెర్లిన్‌లోకి పోయింది. 1961 ఆగస్టు 13న తూర్పు జర్మనీ ప్రభుత్వం గోడ కట్టడం మొదలుపెట్టింది. రెండు ఒడ్డులనూ కలిపే ఓబర్‌బౌమ్ వంతెన సరిహద్దుగా మారిపోయింది.

గోడ రావడంతో తూర్పు నుంచి రోజూ పనికి వచ్చే కార్మికులు ఆగిపోయారు. పశ్చిమ బెర్లిన్ ఫ్యాక్టరీలకు మనుషుల కొరత వచ్చింది. అదే ఏడాది అక్టోబర్ 30న పశ్చిమ జర్మనీ, టర్కీల మధ్య కార్మికుల ఒప్పందం కుదిరింది. సీమెన్స్, టెలిఫుంకెన్ లాంటి ఎలక్ట్రికల్ కంపెనీలు టర్కీ నుంచి కార్మికులను రప్పించుకున్నాయి. అలా బెర్లిన్‌కు వచ్చినవాళ్లలో ఒంటరిగా వచ్చిన ఆడవాళ్లు కూడా చాలామందే ఉన్నారు.

వీళ్లను జర్మన్లు 'అతిథి కార్మికులు' అన్నారు. కొన్నేళ్లు పనిచేసి వెళ్లిపోతారని ప్రభుత్వం అనుకుంది. వచ్చినవాళ్లూ అలాగే అనుకున్నారు. నాలుగు పైసలు కూడబెట్టుకుని వతన్‌కు తిరిగి వెళ్లాలన్నదే చాలామంది ఆలోచన. కానీ 1973లో జర్మనీ కొత్త కార్మికులను తీసుకోవడం ఆపేసింది. ఒకసారి వెళ్తే మళ్లీ రానివ్వరన్న భయంతో ఉన్నవాళ్లు ఉండిపోయారు. భార్యాపిల్లలను కూడా పిలిపించుకున్నారు.

క్రాయిట్స్‌బర్గ్‌లోనే ఎందుకు స్థిరపడ్డారు? కిరాయి తక్కువ కాబట్టి. గోడ పక్కన ఉన్న ఈ ప్రాంతంలో పాత ఇళ్లను కూల్చేసి పెద్ద రోడ్డు వేయాలన్న ప్లాన్ ఉండేది. ఎలాగూ కూల్చే ఇళ్లే కదా అని యజమానులు మరమ్మతులు మానేశారు. వేరే చోట ఇల్లు దొరకని టర్కీ కుటుంబాలకు వాటిని కిరాయికి ఇచ్చారు. బొగ్గు పొయ్యిలు, మెట్ల దగ్గర ఉమ్మడి మరుగుదొడ్లు ఉన్న ఇళ్లవి.

జనం పెరగడంతో 1975లో పశ్చిమ బెర్లిన్ ప్రభుత్వం ఒక కఠినమైన నిబంధన తెచ్చింది. క్రాయిట్స్‌బర్గ్‌తో పాటు టియర్‌గార్టెన్, వెడ్డింగ్ ప్రాంతాల్లోకి విదేశీయులు కొత్తగా వచ్చి ఉండకూడదన్నది దాని సారాంశం. ఏ గల్లీలో ఇల్లు తీసుకోవాలో కూడా పాస్‌పోర్టే తేల్చిన రోజులవి.

ఓటు లేని రెండు ఒడ్డులు

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఆ రోజుల్లో టర్కీ కార్మికులకే కాదు, పశ్చిమ బెర్లిన్‌లోని జర్మన్లకు కూడా బుండెస్టాగ్ ఎన్నికల్లో నేరుగా ఓటు వేసే హక్కు లేదు. నగరం మీద అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్‌ల అధికారం కొనసాగుతుండటమే దానికి కారణం. పశ్చిమ బెర్లిన్ ప్రతినిధులను జనం కాకుండా నగర శాసనసభ ఎంపిక చేసి పంపేది. 1953 నుంచి వాళ్ల సంఖ్య 22. చట్టాల మీద వాళ్లు వేసే ఓటు లెక్కలోకి వచ్చేది కాదు.

నది అవతల ఫ్రీడ్రిక్స్‌హైన్‌లో ఓటు ఉండేది గానీ ఎంచుకోవడానికి ఏమీ ఉండేది కాదు. తూర్పు జర్మనీలో ముందే తయారుచేసిన ఒకే జాబితాకు జనం ఓటు వేయాలి. అక్కడ మొదటి స్వేచ్ఛాయుత ఎన్నికలు 1990 మార్చి 18న, అంటే గోడ కూలిన తర్వాతే జరిగాయి.

రెండు జర్మనీలు కలిసిపోయాక 1990 డిసెంబర్ 2న మొదటి ఉమ్మడి ఎన్నికలు జరిగాయి. క్రాయిట్స్‌బర్గ్ జర్మన్లు, ఫ్రీడ్రిక్స్‌హైన్ జర్మన్లు ఇద్దరూ ఆ రోజే మొదటిసారి ఒకే పార్లమెంటుకు నేరుగా ఓటు వేశారు.

టర్కీ కుటుంబాలకు మాత్రం ఆ రోజు రాలేదు. సరిగ్గా ఆ ఏడాదే అక్టోబర్ 31న జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం ఒక కీలక తీర్పు ఇచ్చింది. ఎన్నేళ్లుగా ఉంటున్నా సరే, పౌరసత్వం లేని విదేశీయులకు స్థానిక ఎన్నికల్లో ఓటు హక్కు ఇవ్వడం రాజ్యాంగ విరుద్ధమని తేల్చింది. తర్వాత యూరోపియన్ యూనియన్ దేశాల పౌరులకు స్థానిక ఎన్నికల్లో మినహాయింపు దొరికింది. టర్కీ యూనియన్‌లో లేదు కాబట్టి వాళ్లకు అదీ దొరకలేదు.

ఓటు లేకపోయినా రాజకీయాల్లోకి అడుగు మాత్రం అంతకు ముందే పడింది. 1987లో గ్రీన్ భావాలున్న ఆల్టర్నేటివ్ లిస్ట్ తరఫున సెవిమ్ చెలెబి పశ్చిమ బెర్లిన్ శాసనసభలో అడుగుపెట్టారు. 1994లో బుండెస్టాగ్‌కు మొదటిసారి టర్కీ మూలాలున్న ఇద్దరు ఎన్నికయ్యారు. గ్రీన్స్ నుంచి జెమ్ ఓజ్దెమిర్, ఎస్పీడీ నుంచి లేలా ఓనుర్.

రెండు ఓట్ల లెక్క

ఈ సీటు ఎందుకంత ముఖ్యమో అర్థం కావాలంటే జర్మనీ ఎన్నికల పద్ధతి కొంచెం తెలియాలి. అక్కడ ప్రతి ఓటరుకూ రెండు ఓట్లు ఉంటాయి.

మొదటి ఓటు అభ్యర్థికి. మన లోక్‌సభ ఎన్నికల్లాగే ఎక్కువ ఓట్లు వచ్చినవాళ్లు ఆ నియోజకవర్గంలో మొదటి స్థానంలో నిలుస్తారు.

రెండో ఓటు పార్టీకి. పార్లమెంటులో ఏ పార్టీకి ఎన్ని సీట్లన్నది దీన్ని బట్టే తేలుతుంది. పార్టీలు రాష్ట్రాలవారీగా ముందే ఇచ్చిన జాబితాల నుంచి సభ్యులు వెళ్తారు.

చిల్లర పార్టీలు పెరిగిపోకుండా ఒక అడ్డుగోడ కూడా ఉంది. దేశవ్యాప్తంగా రెండో ఓట్లలో 5 శాతం రాని పార్టీకి జాబితా సీట్లు రావు. అయితే ఒక మినహాయింపు ఉంది. ఏ పార్టీ అయినా కనీసం మూడు నియోజకవర్గాల్లో మొదటి స్థానం తెచ్చుకుంటే, 5 శాతం దాటకపోయినా దానికి వచ్చిన ఓట్ల నిష్పత్తిలో సీట్లు దక్కుతాయి. అంటే ఒకటి రెండు నియోజకవర్గాల ఫలితం ఒక పార్టీ బతుకునే నిర్ణయించగలదు.

గీత మారితే బలం మారింది

1994 ఎన్నికల్లో సరిగ్గా అదే జరిగింది. తూర్పు జర్మనీ పాత పాలక పార్టీ వారసురాలైన పీడీఎస్‌కు దేశం మొత్తం మీద 4.4 శాతం ఓట్లే వచ్చాయి. కానీ తూర్పు బెర్లిన్‌లో నాలుగు నియోజకవర్గాలు గెలిచింది. మిట్టె-ప్రెంజ్‌లావర్ బర్గ్‌లో రచయిత స్టెఫాన్ హైమ్, ఫ్రీడ్రిక్స్‌హైన్-లిఖ్టెన్‌బర్గ్‌లో ఆర్థికవేత్త క్రిస్టా లుఫ్ట్ గెలిచినవాళ్లలో ఉన్నారు. ఆ నాలుగు గెలుపులతో పార్టీకి 30 సీట్లు వచ్చాయి.

తర్వాత గీతలు మారాయి. 2001 జనవరి 1న బెర్లిన్‌లోని 23 జిల్లాలను కలిపి 12 చేశారు. ఫ్రీడ్రిక్స్‌హైన్, క్రాయిట్స్‌బర్గ్ ఒకే జిల్లా అయ్యాయి. విస్తీర్ణం సుమారు 20 చదరపు కిలోమీటర్లు. బెర్లిన్‌లో అతి చిన్న జిల్లా ఇదే. బుండెస్టాగ్ సీట్లు కూడా 656 నుంచి 598కి తగ్గించారు. బెర్లిన్ నియోజకవర్గాలు 13 నుంచి 12 అయ్యాయి. పాత తూర్పు కంచుకోటలు పశ్చిమ ప్రాంతాలతో కలిసిపోయాయి.

2002లో పీడీఎస్‌కు 4 శాతం ఓట్లు, రెండే నియోజకవర్గాలు దక్కాయి. మూడో సీటు లేకపోవడంతో పార్లమెంటులో పార్టీకి ఇద్దరే మిగిలారు. అంతకు నాలుగేళ్ల ముందు ఓటు వేసిన మనుషులే చాలావరకు మళ్లీ వేశారు. కానీ గీత వేరు కావడంతో లెక్క వేరైంది.

సైకిల్ మీద వచ్చిన లాయర్

కొత్త నియోజకవర్గంలో మొదటి ఎన్నిక 2002 సెప్టెంబర్ 22న జరిగింది. గెలిచింది గ్రీన్స్ పార్టీకి చెందిన హన్స్-క్రిస్టియన్ స్ట్రోబెలే. వృత్తిరీత్యా లాయర్. 1939లో హాలె నగరంలో పుట్టారు.

ఆయన సొంత పార్టీకే కొరకరాని కొయ్య. 2001 నవంబర్‌లో అఫ్ఘానిస్తాన్ యుద్ధానికి సైన్యాన్ని పంపే ప్రతిపాదనను ప్రధాని గెర్హార్డ్ ష్రోడర్ విశ్వాస ఓటుతో ముడిపెట్టారు. గ్రీన్స్ అప్పుడు ప్రభుత్వంలో భాగస్వామి. వ్యతిరేకిస్తే ప్రభుత్వమే పడిపోవచ్చు. అయినా గ్రీన్స్ సభ్యుల్లో నలుగురు వ్యతిరేకంగా ఓటేశారు. వాళ్లలో స్ట్రోబెలే ఒకరు.

మరుసటి ఏడాది పార్టీ జాబితాలో ఆయనకు గెలిచే స్థానం దక్కలేదు. ఇక మిగిలిన దారి ఒక్కటే, నియోజకవర్గంలో నేరుగా గెలవడం. గ్రీన్స్ అంతవరకు దేశంలో ఎక్కడా అలా గెలవలేదు. పెద్ద పార్టీ అభ్యర్థులే గెలుస్తారన్నది అప్పటి లెక్క. స్ట్రోబెలే సైకిలేసుకుని గల్లీ గల్లీ తిరిగారు. కార్టూనిస్టు గెర్హార్డ్ సైఫ్రీడ్ ఆయనకు రంగురంగుల పోస్టర్లు గీసిచ్చారు. 31.6 శాతం ఓట్లతో స్ట్రోబెలే గెలిచారు. గ్రీన్స్ చరిత్రలో అది మొదటి నియోజకవర్గ విజయం.

తర్వాత వెనక్కి తిరిగి చూడలేదు. 2005లో 43 శాతం, 2009లో 46 శాతానికి పైగా, 2013లో దాదాపు 40 శాతం ఓట్లు వచ్చాయి. 2017 వరకు దేశం మొత్తం మీద గ్రీన్స్ నేరుగా గెలిచిన సీటు ఇదొక్కటే.

ముస్లిం కుటుంబాలు ఆయన్ని గుర్తుపెట్టుకోవడానికి ఇంకో కారణం ఉంది. ముస్లింల పండుగ ఒకదాన్ని జర్మనీలో ప్రభుత్వ సెలవు దినం చేయాలని 2004లో ఆయన సూచించారు. ఇతర పార్టీల నుంచి గట్టి వ్యతిరేకత రావడంతో అది ముందుకు సాగలేదు. 2013 అక్టోబర్ 31న మాస్కో వెళ్లి, అమెరికా నిఘా రహస్యాలు బయటపెట్టిన ఎడ్వర్డ్ స్నోడెన్‌ను కలవడంతో ఆయన పేరు ప్రపంచమంతా వినిపించింది. 2017లో పోటీ నుంచి తప్పుకున్నారు. 2022 ఆగస్టు 29న 83 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

కాగితం వచ్చాక ఓటు వచ్చింది

స్ట్రోబెలే గెలుస్తున్న ఆ రోజుల్లోనే ఓటర్ల జాబితా కూడా నెమ్మదిగా మారుతూ వచ్చింది. 2000 జనవరి 1న కొత్త పౌరసత్వ చట్టం అమల్లోకి వచ్చింది. అంతవరకు జర్మనీలో పుట్టినా సరే, తల్లి గానీ తండ్రి గానీ జర్మన్ కాకపోతే బిడ్డ విదేశీయే. కొత్త చట్టంతో, చాలాకాలంగా చట్టబద్ధంగా ఉంటున్న విదేశీయుల పిల్లలకు పుట్టుకతోనే జర్మన్ పౌరసత్వం దొరికింది. పెద్దవాళ్లకు కూడా దరఖాస్తు గడువు 15 ఏళ్ల నుంచి 8 ఏళ్లకు తగ్గింది.

కానీ ఒక మెలిక ఉంది. జర్మన్ పౌరసత్వం కావాలంటే మామూలుగా పాత పౌరసత్వం వదులుకోవాలి. ఊళ్లో భూమి, వారసత్వ ఆస్తి, ఎప్పటికైనా తిరిగి వెళ్లాలన్న ఆశ ఉన్న మొదటి తరం పెద్దలు చాలామంది దానికి ఒప్పుకోలేదు. ఒకే ఇంట్లో మనవడికి ఓటు ఉండేది, తాతకు ఉండేది కాదు.

ఆ షరతు పోయింది 2024 జూన్ 27న. ఇప్పుడు పాత పౌరసత్వం ఉంచుకునే జర్మన్ పౌరులు కావచ్చు. మామూలుగా ఐదేళ్లు ఉంటే దరఖాస్తు చేసుకోవచ్చు. అయితే జర్మనీ ఒప్పుకున్నా భారత్ ద్వంద్వ పౌరసత్వానికి ఒప్పుకోదు. జర్మనీలో ఉన్న తెలుగు కుటుంబాలు అక్కడి పౌరసత్వం తీసుకుంటే భారత పాస్‌పోర్టు వదులుకోవాల్సిందే. తర్వాత ఓసీఐ కార్డు పెట్టుకోవచ్చు గానీ దానితో ఇక్కడ ఓటు హక్కు రాదు.

బైరామ్ గెలుపు

2017 సెప్టెంబర్ 24 ఎన్నికలో స్ట్రోబెలే స్థానంలో గ్రీన్స్ జానన్ బైరామ్‌ను నిలబెట్టింది. ఆమె 1966లో టర్కీలో పుట్టారు. చిన్నప్పుడే కుటుంబంతో జర్మనీకి వచ్చారు. లా చదివి అడ్వకేట్ అయ్యారు. మొదట ఎస్పీడీలో ఉండి 2009లో గ్రీన్స్‌లో చేరారు. టర్కీ భాషలో బైరామ్ అంటే ఈద్ పండుగ.

ఎస్పీడీ అభ్యర్థి జాన్సెల్ కిజిల్‌తెపె కూడా టర్కీ కార్మికుల బిడ్డే. పుట్టింది క్రాయిట్స్‌బర్గ్‌లోనే. అంటే ఒకప్పుడు విదేశీయులు వచ్చి ఉండకూడదన్న ఇలాకాలో, ప్రధాన పార్టీల అభ్యర్థుల్లో ఇద్దరు ఆ విదేశీ కుటుంబాల ఆడబిడ్డలే.

పోటీ గట్టిగా జరిగింది. బైరామ్‌కు 26.3 శాతం ఓట్లు వచ్చాయి. వామపక్ష పార్టీ డీ లింకె అభ్యర్థి పాస్కల్ మైజర్ కొద్ది తేడాతో రెండో స్థానంలో నిలిచారు. కిజిల్‌తెపె జాబితా ద్వారా పార్లమెంటుకు వెళ్లారు. 2023లో బెర్లిన్ రాష్ట్ర ప్రభుత్వంలో కార్మిక, సామాజిక వ్యవహారాల మంత్రి అయ్యారు. 2021లో బైరామ్ మళ్లీ గెలిచారు, ఈసారి స్పష్టమైన ఆధిక్యంతో.

కిరాయిలే అసలు సమస్య

గోడ కూలాక క్రాయిట్స్‌బర్గ్ తలరాత తిరగబడింది. నగరం చివర పడి ఉన్న బస్తీ ఒక్కసారిగా నగరం నడిమధ్యకు వచ్చేసింది. చౌక ఇళ్లు ఖరీదైనవయ్యాయి. ఎవరూ ఉండని రోజుల్లో వచ్చి ఇక్కడ దుకాణాలు, మసీదులు పెట్టుకున్న కుటుంబాలకే కిరాయి కట్టడం కష్టమైంది.

2020లో బెర్లిన్ ప్రభుత్వం కిరాయిలకు పరిమితి పెట్టింది. అది రాష్ట్రం చేయాల్సిన చట్టం కాదని 2021 ఏప్రిల్‌లో రాజ్యాంగ న్యాయస్థానం కొట్టేసింది. అదే ఏడాది సెప్టెంబర్ 26న పార్లమెంటు ఎన్నికలతో పాటు బెర్లిన్‌లో ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. పెద్ద కంపెనీల చేతిలోని ఇళ్లను ప్రజల ఆస్తిగా మార్చాలన్న ప్రతిపాదనకు మెజారిటీ జనం అవునన్నారు. అయితే ప్రభుత్వాన్ని కట్టిపడేసే చట్టం కాకపోవడంతో అది వెంటనే అమలు కాలేదు.

మళ్లీ పోలింగ్, పోయిన సీటు

2021 సెప్టెంబర్ 26 ఇంకో కారణంతో కూడా బెర్లిన్‌కు గుర్తుండిపోయింది. బ్యాలెట్ పేపర్లు చాలలేదు, కొన్నిచోట్ల తప్పు పేపర్లు వచ్చాయి, క్యూలు సాయంత్రం దాకా సాగాయి. విషయం కోర్టుకెళ్లింది. 455 పోలింగ్ కేంద్రాల్లో మళ్లీ ఓటింగ్ జరపాలని 2023 డిసెంబర్ 19న రాజ్యాంగ న్యాయస్థానం చెప్పింది. 2024 ఫిబ్రవరి 11న అది జరిగింది.

రెండోసారి ఓటు వేయడానికి చాలామంది రాలేదు. బెర్లిన్‌లో పడిన ఓట్లు తగ్గడంతో కొన్ని పార్టీల బెర్లిన్ జాబితాల వాటా తగ్గింది. అలా జాబితా ద్వారా ఎన్నికైన పాస్కల్ మైజర్ తన సీటు కోల్పోయారు. అది హెస్సే రాష్ట్రంలోని వాళ్ల పార్టీ జాబితాకు వెళ్లిపోయింది. పోలింగ్‌కు రాని ఓటరు కూడా ఫలితాన్ని మారుస్తాడనడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

ఇంతకీ 2021లో డీ లింకెకు వచ్చింది 4.9 శాతమే. అయినా సరిగ్గా మూడు నియోజకవర్గాలు గెలిచింది కాబట్టి పార్లమెంటులో నిలబడింది. మూడింటిలో రెండు బెర్లిన్‌లోవే.

2025లో మార్పు

2025 ఫిబ్రవరి 23న ముందస్తు ఎన్నికలు వచ్చాయి. ఈసారి జానన్ బైరామ్ పోటీ చేయలేదు. మైజర్ మళ్లీ బరిలోకి దిగారు. డీ లింకె కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి కిరాయిల గురించి, ధరల గురించి అడిగారు. ఎన్నికలకు కొన్ని వారాల ముందు సీడీయూ నేత ఫ్రీడ్రిక్ మెర్జ్ వలసలపై తెచ్చిన తీర్మానం, వలసలను వ్యతిరేకించే ఏఎఫ్‌డీ ఓట్లతో పార్లమెంటులో నెగ్గింది. దాని మీద దేశమంతా నిరసనలు జరిగాయి.

ఫలితం వచ్చేసరికి మైజర్ గెలిచారు. 23 ఏళ్ల తర్వాత క్రాయిట్స్‌బర్గ్ సీటు గ్రీన్స్ చేతి నుంచి జారిపోయింది. పక్కనున్న నొయ్‌కోల్న్ నియోజకవర్గంలో టర్కీ నుంచి వచ్చిన కుర్దు కుటుంబానికి చెందిన ఫెరాత్ కోచాక్ అదే పార్టీ నుంచి గెలిచారు. ఏడాది కిందట పోయిన సీటును మైజర్ ఈసారి జాబితా సాయం లేకుండా తెచ్చుకున్నారు.

ఈ ఎన్నికకు నిబంధనలు కూడా మారాయి. 2023 సంస్కరణతో బుండెస్టాగ్ 630 సీట్లకు పరిమితమైంది. నియోజకవర్గంలో మొదటి స్థానం వచ్చినా, పార్టీకి సరిపడా రెండో ఓట్లు లేకపోతే సీటు రాదు. 2025లో దేశవ్యాప్తంగా 23 మంది అలా గెలిచి కూడా పార్లమెంటుకు వెళ్లలేకపోయారు. మూడు నియోజకవర్గాల మినహాయింపును ఆ చట్టం తీసేయగా, రాజ్యాంగ న్యాయస్థానం 2024 జూలై 30న దాన్ని తాత్కాలికంగా నిలబెట్టింది.

ఒక్క చూపులో విజేతలు

2002: హన్స్-క్రిస్టియన్ స్ట్రోబెలే, గ్రీన్స్
2005: హన్స్-క్రిస్టియన్ స్ట్రోబెలే, గ్రీన్స్
2009: హన్స్-క్రిస్టియన్ స్ట్రోబెలే, గ్రీన్స్
2013: హన్స్-క్రిస్టియన్ స్ట్రోబెలే, గ్రీన్స్
2017: జానన్ బైరామ్, గ్రీన్స్
2021: జానన్ బైరామ్, గ్రీన్స్
2025: పాస్కల్ మైజర్, డీ లింకె

టర్కీ కార్మికుల ఒప్పందం 1961లో కుదిరింది. ఆ కుటుంబాల తరం నుంచి ఒకరు ఈ ఇలాకా తరఫున నేరుగా గెలవడానికి 2017 దాకా, అంటే 56 ఏళ్లు పట్టింది. ఆ మధ్యలో గోడ కూలింది, గీతలు మారాయి, చట్టాలు మారాయి. ఇవాళ్టికీ క్రాయిట్స్‌బర్గ్‌లో జర్మన్ పాస్‌పోర్టు లేని వేల మంది ఎన్నికల రోజు పోలింగ్ కేంద్రం ముందు నుంచి నడిచి పనికి వెళ్తారు. తర్వాతి ఎన్నికల్లో వాళ్లలో ఎంతమంది లోపలికి వెళ్తారన్నది పౌరసత్వ దరఖాస్తుల మీద ఆధారపడి ఉంది.